నీలి గసగసాల పువ్వు – ఒక పెన్షన్ ఫైలు

మన సంఘం ప్రత్యేక సంచికకు తోటల మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. పెరటి కూరగాయల గురించి, మిద్దె మీద కుండీల గురించి నాకంటె బాగా రాయగల సోదర సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత మన నేలలో పెరగని ఒక పూలమొక్క చరిత్రను ఎంచుకున్నాను. ఆ చరిత్రలో ఒక పెన్షన్ ఫైలు కూడా ఉన్నది గనుక సభ్యులు ఓపికగా చదువుతారని నా నమ్మకం.

గసగసాలు మన వంటింట్లో అందరికీ పరిచయమే. ఆ మొక్క కుటుంబానికే చెందిన మెకనాప్సిస్ అనే జాతి హిమాలయాలలోను, వాటిని ఆనుకొని ఉన్న టిబెట్టు, పశ్చిమ చైనా కొండలలోను పెరుగుతుంది. అందులో కొన్ని రకాలకు నీలం పువ్వులు పూస్తాయి. శంఖుపువ్వు వంటి కొన్నింటిని మినహాయిస్తే మనం నీలం అని పిలిచే పువ్వులు చాలావరకు ఊదా రంగువే. ఇది మాత్రం వాన వెలిసిన ఆకాశం రంగు. పలచని కాగితం వంటి రేకులు, నడుమ పసుపు కేసరాల గుత్తి. స్కాట్లండులో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు అక్కడి ఒక ఉద్యానవనంలో దీనిని చూశాను. వసంతం ముగిసే రోజులు, అంటే మే చివర, జూన్ మొదట్లో అక్కడ ఇది పూస్తుంది. చల్లని వేసవి, తడి గాలి, పులుపు గుణం గల నేల దీనికి కావాలి. సున్నం ఎక్కువైన నేలలో రంగు ఊదాకు తిరుగుతుంది. రేకుల్లోని ఇనుముకు ఈ నీలంలో పాత్ర ఉన్నదని 2006లో జపాను శాస్త్రజ్ఞులు తేల్చారు. మన ఎండలకు ఇది బతకదు. విత్తనాలు తెప్పించి డబ్బు పాడుచేసుకోవద్దని మనవి.

ఈ జాతి మొక్కల్లో చాలా రకాలు వెదురులాగ ఒక్కసారి పూసి, గింజకట్టి చనిపోతాయి. నేను చెప్పే టిబెట్టు రకం ఏటేటా పూయగలిగినదే గాని, మొదటి ఏడాదే పూయనిస్తే చాలా మొక్కలు ఆ భారానికే పోతాయి. అందుకని అనుభవజ్ఞులైన తోటవారు తొలి మొగ్గను గిల్లివేస్తారు. మొక్క వేళ్ళూని, పక్క పిలకలు వేసిన తరువాతే పూతకు వదులుతారు.

ఇక చరిత్రలోకి వస్తాను. టిబెట్టులో తూర్పుగా ప్రవహించే సాంగ్‌పో నది ఒకచోట పెద్ద కొండల నడుమకు పోయి కనుమరుగవుతుంది. అదే నది అస్సాం వైపు దిహాంగ్ అనే పేరుతో దిగి బ్రహ్మపుత్రలో కలుస్తున్నదా, లేదా అన్నది పందొమ్మిదవ శతాబ్దంలో పెద్ద వివాదం. టిబెట్టులోకి తెల్లవారికి ప్రవేశం లేదు. కనుక సర్వే ఆఫ్ ఇండియా వారు కొండప్రాంతాల మనుషులను యాత్రికుల వేషంలో పంపేవారు. 1880లో కెప్టెన్ హార్మన్ అనే అధికారి ఒక లామాను, అతని సేవకుడుగా సిక్కింకు చెందిన కింథప్‌ను పంపాడు. కింథప్‌కు చదవడం, రాయడం రాదు. వారికి అప్పగించిన పని ఇది: గుర్తులు వేసిన ఐదువందల దుంగలను రోజుకు యాభై చొప్పున పది రోజులు సాంగ్‌పోలో వదలాలి. దిగువన హార్మన్ మనుషులు కాపలా ఉండి, దుంగలు వస్తే ఇదే నది అని నిర్ధారిస్తారు.

లామా ఆ పని చేయలేదు సరికదా, 1881లో తొంగ్యుక్ అనే చోట కింథప్‌ను అక్కడి అధికారికి బానిసగా అమ్మివేసి తన దారిన తాను పోయాడు. కింథప్ తప్పించుకున్నాడు. అప్పుడైనా అతను ఇంటిదారి పట్టి ఉండవచ్చు. నది వెంట దిగువకే నడిచాడు. మార్పుంగ్ మఠం దగ్గర తరిమి వచ్చినవారికి చిక్కబోతే మఠాధిపతి కాళ్ళ మీద పడ్డాడు. ఆయన యాభై రూపాయలు చెల్లించి కింథప్‌ను కొన్నాడు. అక్కడ చాకిరీ చేస్తూ, తీర్థయాత్ర పేరిట సెలవు అడిగి, ఐదువందల దుంగలు నరికి గుహలో దాచాడు. మళ్ళీ సెలవు అడిగి లాసా దాకా నడిచి, ఫలానా తేదీల్లో దుంగలు వదులుతానని హార్మన్‌కు అందేటట్లు జాబు రాయించి పంపాడు. తిరిగి వచ్చి మాట ఇచ్చిన ప్రకారం పది రోజులూ దుంగలు వదిలాడు.

దిగువన ఎవరూ చూడలేదు. జాబు సమయానికి చేరలేదు. హార్మన్ అప్పటికే జబ్బుపడి దేశం విడిచి వెళ్ళి, 1883లో మరణించాడు. 1884లో కింథప్ ఇల్లు చేరేసరికి తల్లి కూడా లేదు. అతను జ్ఞాపకం మీద చెప్పినది ఇంకొకరు రాసుకొన్నారు, దానిని మరొకరు ఇంగ్లీషులో పెట్టారు. ఈ చేతులు మారడంలో ఒక చిన్న వాగు మీది జలపాతం, పెద్ద నది మీది చిన్న దూకుడు కలిసిపోయి, సాంగ్‌పో మీద 150 అడుగుల జలపాతంగా రికార్డుకెక్కింది. చాలామంది పెద్దలు అతని నివేదికను పూర్తిగా నమ్మలేదు. వాంగ్మూలం రాసుకోవడంలో ఇటువంటి పొరపాట్లు ఎలా దొర్లుతాయో రెవెన్యూ శాఖలో పనిచేసినవారికి నేను చెప్పనక్కరలేదు. కింథప్ డార్జిలింగులో దర్జీపని చేసుకుంటూ ఉండిపోయాడు.

1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే ఇద్దరు అధికారులు అదే నది వెంట నడిచారు. సాంగ్‌పో, దిహాంగ్ ఒకటేనని వారితో తేలిపోయింది. కింథప్ చెప్పిన ఊళ్ళు, దూరాలు, దారులు చాలావరకు సరిపోయాయి. ఆ ప్రయాణంలోనే, జూలై నెలలో, తొంగ్యుక్‌కు ఎంతో దూరం లేని లునాంగ్ వద్ద బెయిలీ నీలి గసగసాల పువ్వులను చూసి, ఒకదానిని పుస్తకంలో నొక్కిపెట్టి తెచ్చాడు. లండను దగ్గరి క్యూ ఉద్యానవనం అధిపతి డేవిడ్ ప్రెయిన్ దానిని పరిశీలించి మెకనాప్సిస్ బెయిలీ అని పేరు పెట్టాడు. ఈ ప్రెయిన్ అంతకు ముందు కలకత్తా వృక్షోద్యానానికి సూపరింటెండెంటుగా చేసినవాడు.

బెయిలీని ఒక విషయంలో మెచ్చుకోవాలి. తిరిగి వచ్చాక కింథప్‌ను వెతికించి సిమ్లాకు రప్పించాడు. అతనికి చిన్న పెన్షన్ మంజూరు చేయాలని ప్రభుత్వానికి రాశాడు. ప్రభుత్వం వేసిన కొర్రీ ఏమిటో బెయిలీ 1957లో ప్రచురించిన ‘నో పాస్‌పోర్ట్ టు టిబెట్’ అనే పుస్తకంలో చెప్పాడు. ఈ మనిషి తొంభై ఏళ్ళు బతికితే ఎంత ఖర్చవుతుందో ముందుగా తెలియదు గనుక పెన్షన్ వీలుపడదట! పెన్షన్‌కు బదులు ఏకమొత్తంగా వెయ్యి రూపాయలు ఇచ్చారు. ఇటువంటి వాక్యం నా ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో ఎన్ని నోట్ ఫైళ్ళలో చదివానో లెక్కలేదు. ఎక్కువ కాలం బతకడం ఉద్యోగి చేసే నేరంగా కనబడే చూపు ఆర్థిక శాఖలకు ఆనాటి నుంచే ఉన్నదన్నమాట.

ఆ తరువాత కింథప్ ఎంతో కాలం బతకలేదు. పెన్షన్ నెలకు పది రూపాయలు అనుకుంటే వెయ్యి రూపాయలు ఎనిమిది సంవత్సరాల నాలుగు నెలల మొత్తం. లెక్క ప్రకారం ఏకమొత్తమే అతనికి లాభించింది. అయినా నా అభిప్రాయం వేరు. నెల నెలా వచ్చే ఆ పది రూపాయలు, ఐదువందల దుంగలూ నీవు నదిలో వదిలిన మాట వాస్తవమే అని సర్కారు నెల నెలా ఒప్పుకోవడం. దానిని కమ్యూట్ చేసే పట్టిక ఏదీ లేదు. పెన్షన్ దయతో ఇచ్చేది కాదు, హక్కు అని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న చెప్పేదాకా మన పరిస్థితి మాత్రం ఏపాటిది?

పువ్వు కథ ఇంకా ఉన్నది. బెయిలీ తెచ్చినది ఎండిన పువ్వు మాత్రమే. తోటల్లోకి రావాలంటే గింజ కావాలి. కింగ్డన్‌వార్డ్ అనే వృక్షాన్వేషకుడు 1924లో ఆ ప్రాంతానికే వెళ్ళి, పూతకాలంలో మొక్కలు గుర్తుపెట్టుకొని, శరదృతువులో గింజలు సేకరించి పంపాడు. 1926లో ఇంగ్లండులో పూసిన పువ్వులకు రాయల్ హార్టికల్చరల్ సొసైటీ బహుమతి వచ్చింది. ఆ తరువాత దాని కీర్తి చెప్పనలవి కాదు.

అంతలో సీనియారిటీ తగాదా వచ్చింది. దెలవే అనే ఫ్రెంచి మతగురువు 1886లోనే చైనాలోని యునాన్‌లో ఇటువంటి నీలిపువ్వును సేకరించగా, పారిస్‌లో ఫ్రాంషే 1889లో దానికి మెకనాప్సిస్ బెటోనిసిఫోలియా అని పేరు పెట్టి ఉన్నాడు. రెండూ ఒకటేనని 1934లో జార్జి టైలర్ నిర్ణయించాడు. మొదట ప్రకటించిన పేరే చెల్లుతుందన్నది వృక్షశాస్త్రంలో నియమం గనుక బెయిలీ పేరు రద్దయింది. 2009లో గ్రే-విల్సన్ అనే శాస్త్రజ్ఞుడు మళ్ళీ పరిశీలించి, యునాన్ మొక్క వేరు, టిబెట్టు మొక్క వేరు అని తేల్చాడు. డెబ్బైఐదు సంవత్సరాల తరువాత బెయిలీ పేరు పునరుద్ధరించబడింది. కింథప్‌కు ఏ పేరులోనూ చోటు దక్కలేదు. మొదటి ఏడాది మొగ్గ గిల్లవలసిన, తోటల్లో ఎక్కువగా పెంచే మొక్క ఈ టిబెట్టుదే.

మన దేశంలోనే నీలి గసగసాల పువ్వును చూడదలచినవారికి ఒక మార్గం ఉన్నది. దీనికి బంధువైన, ముళ్ళ కాడలు గల మెకనాప్సిస్ అక్యులియాటా అనే రకం ఉత్తరాఖండ్‌లోని పూలలోయలోను, హేమకుండ్ దారిలోను జూలై, ఆగస్టు నెలల్లో పూస్తుంది. బదరీనాథ్ వెళ్ళే దారిలో గోవింద్‌ఘాట్ దగ్గర ఆగి, ఘాంఘరియా మీదుగా పోవాలి. వానాకాలం గనుక దారిలో కొండచరియలు విరిగిపడుతుంటాయి. ఎత్తు బాగా ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న సభ్యులు గుర్రం మాట్లాడుకోవడం మంచిది. పూలలోయలోకి మాత్రం గుర్రాలను రానివ్వరు.