క్రూపర్ బాంటమ్: పొట్టికాళ్ల జర్మన్ కోడి

జర్మనీ పశ్చిమ భాగమైన వెస్ట్‌ఫాలియా, బెర్గిషెస్‌లాండ్ ప్రాంతాల పాత కోడిజాతులలో క్రూపర్ ఒకటి. ఆ ప్రాంతపు మాండలికంలో 'పాకుట' అనే అర్థమిచ్చే మాట నుండి దీనికీ పేరు వచ్చింది. కాళ్లు మిక్కిలి పొట్టివి కావడం వలన నడిచేటప్పుడు నేలపై పాకుతున్నట్లే కనిపిస్తుంది. దీని చిన్న రూపమే క్రూపర్ బాంటమ్. అరుదైన పెంపుడు జంతువుల రక్షణకై 1981లో జర్మనీలో ఏర్పడిన జి.ఇ.హెచ్. సంస్థ జాబితాలో క్రూపర్ జాతి కూడా చోటు చేసుకుంది.

పొట్టికాళ్ల కారణం

పొట్టికాళ్లకు మూలం ఒకే ఒక జన్యువు. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే అది వస్తే పిల్ల పొట్టికాళ్లతో బతుకుతుంది. ఇద్దరి నుండీ వస్తే పిండం గుడ్డులోనే చనిపోతుంది. ఈ సంగతిని లాండావర్, డన్ అనే శాస్త్రవేత్తలు 1930లో వివరించారు.

జత కట్టే లెక్క

పొట్టికాళ్ల పుంజును పొట్టికాళ్ల పెట్టతో జతచేస్తే, విత్తనం పడిన 12 గుడ్లలో సగటున 3 పిండాలు చనిపోతాయి. 6 పొట్టికాళ్ల పిల్లలు, 3 మామూలు కాళ్ల పిల్లలు అవుతాయి. ఒకటి పొట్టిది, మరొకటి మామూలుది అయితే 6 పొట్టివి, 6 మామూలువి వస్తాయి. అనగా పొట్టిపిల్లల సంఖ్య రెండు విధాలా సమానమే. మొదటి పద్ధతిలో మిగిలేది ప్రాణనష్టం మాత్రమే. కనుక మామూలు కాళ్ల పిల్లలను పనికిరానివని తొలగించరాదు. మరుసటి ఏటి జతకు అవే ఆధారం. మామూలు కాళ్ల కోళ్లు రెండింటిని జతచేస్తే పొట్టిపిల్లలు పుట్టవు.

జర్మనీ జంతుసంరక్షణ చట్టంలోని 11బి సెక్షన్, పుట్టబోయే పిల్లలకు బాధ, హాని కలిగించే సంకరాన్ని నిషేధిస్తుంది. కావున జత ఎంపికలో జాగ్రత్త వహించడం జాతి మనుగడకు కూడా అవసరమే.

పోషణ

పొట్ట నేలకు దగ్గరగా ఉండడం వలన బురద, తడిగడ్డి వీటికి పెద్ద శత్రువులు. నేల పొడిగా, గడ్డి పొట్టిగా ఉండాలి. రాత్రి కూర్చునే కర్రను తక్కువ ఎత్తులో కట్టాలి. గూటి గడప, నీటి పాత్ర అంచు కూడా ఎత్తు ఉండరాదు. గుడ్లు పొదగడానికి సుమారు 21 రోజులు పడుతుంది. ఏడవ రోజున దీపపు వెలుగులో పరీక్షించి, ఎదుగుదల లేని గుడ్లను తీసివేయాలి. పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కల్పించి, తరువాత క్రమంగా తగ్గించాలి.

మంద చిన్నది కనుక రక్తసంబంధం గల జతలు పెరిగే ప్రమాదం ఉన్నది. జర్మన్ పెంపకందారులు సంవత్సరం ముద్రించిన కాలికడియాలను పిల్లలకు తొడిగి, ఏ పిల్ల ఏ జతదో పుస్తకంలో వ్రాసుకొంటారు. వేరొక మంద నుండి పుంజును తెచ్చేటప్పుడు ఆ లెక్కనే చూసుకొంటారు.