సాని కనుమ ఎక్కిన మా తాత

ఈసారి ఒక మాటతో మొదలుపెడతాను: కనుమ. నాకు ఇన్నాళ్ళూ కనుమ అంటే సంక్రాంతి మూడో రోజు, పశువుల పండుగ, అంతే. కొండల మధ్య నుంచి దాటే దారిని కూడా కనుమ అంటారట. పోయిన సెప్టెంబర్‌లో మా ఫోర్ బై ఫోర్ క్లబ్ వాళ్ళతో సాని పాస్ ఎక్కాను. దాని గురించి తెలుగులో రాద్దామని కూర్చుంటే ఈ రెండో అర్థం దొరికింది.

సాని పాస్ డ్రాకెన్స్‌బర్గ్ కొండల్లో ఉంది. కింద క్వాజులు-నటాల్‌లో హైమ్‌విల్ అనే చిన్న ఊరు, పైన లెసోతో దేశం. పైన ఎత్తు 2,876 మీటర్లు. మామూలు కారులో వస్తే మన వైపు చెక్‌పోస్టులోనే వెనక్కి పంపేస్తారు.

శుక్రవారం డర్బన్ నుంచి ఆరు బళ్ళు బయల్దేరాం. మా బండిలో ముందు సీట్లో మా తాత. ఆయనకి 85 ఏళ్ళు. క్లబ్‌లో ఒకరిద్దరు ‘ఈ పెద్దాయన ఎందుకు?’ అన్నట్టు చూశారు. నిజానికి మా అందరిలో ఆ బళ్ళ లోపలి సంగతి బాగా తెలిసినవాడు ఆయనే. 1958 నుంచి ముప్పై ఏళ్ళు డర్బన్‌లో ఒక గ్యారేజీలో పనిచేశాడు. లాండ్ రోవర్లు, జీపులు ఎన్ని విప్పి బిగించాడో లెక్కలేదు. కానీ అవి వెళ్ళే కొండకి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో చెప్పాలంటే 1948కి వెళ్ళాలి.

అంతకుముందు సాని మీద ఉన్నది కాలిబాటే. కంచరగాడిదలు, గాడిదలు, గుర్రాలు పైనుంచి ఉన్ని, మొహెయిర్ మోసుకొచ్చేవి. కిందనుంచి పిండి, దుప్పట్లు తీసుకెళ్ళేవి. (కంచరగాడిద అనే మాట నాకు చాలా ఇష్టం. మీరూ ఒకసారి గట్టిగా పలకండి.) 1948 అక్టోబర్‌లో గాడ్‌ఫ్రీ ఎడ్మండ్స్ అనే మాజీ యుద్ధ పైలట్ ఒక జీపును ఈ బాట మీద పైకి తీసుకెళ్ళాడు. సాని ఎక్కిన మొదటి మోటారు బండి అదే. ఒక్కడే తీసుకెళ్ళాడనుకోకండి. బసోతో మనుషులు తాళ్ళు కట్టి లాగారు, వెనకనుంచి తోశారు. నేను చదివిన చోటల్లా డ్రైవర్ పేరు ఉంది, తోసినవాళ్ళ పేర్లు లేవు. మా కుటుంబం విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల పనికి వచ్చింది. 1860 నుంచి 1911 దాకా అలా ఒకటిన్నర లక్షల మందికి పైగా వచ్చారు. ఓడ పుస్తకాల్లో వాళ్ళకి కనీసం ఒక నంబరు, ఒక పేరు, ఒక ఊరు ఉన్నాయి. బండి తోసినవాళ్ళకి అది కూడా లేదు.

1955లో డేవిడ్ అలెగ్జాండర్ అనే ఆయన మొఖోట్లాంగ్ మౌంటెన్ ట్రాన్స్‌పోర్ట్ అనే కంపెనీ పెట్టాడు. అప్పటినుంచి ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళలో మనుషులు, సరుకులు ఈ కనుమ మీద తిరగడం మొదలైంది.

కానీ 1948లో ఇంకొకటి కూడా జరిగింది. జీపు ఎక్కడానికి అయిదు నెలల ముందు, మే నెలలో, నేషనల్ పార్టీ ఎన్నికల్లో గెలిచింది. అపార్తైడ్ వచ్చింది. 1953లో చేసిన ఒక చట్టంతో బీచ్‌లు, పార్కులు, బెంచీలు అన్నీ రంగు చూసి వేరు చేశారు. వేరువేరుగా ఇచ్చినవి సమానంగా ఉండక్కర్లేదని కూడా అందులో రాశారు. ఆ చట్టం పోయింది 1990లో. అప్పటికి తాతకి యాభై ఏళ్ళు. కొండకి అవతల ఉన్న ఫ్రీ స్టేట్‌లో అయితే మనవాళ్ళు నివాసం ఉండకూడదని 1891లోనే చట్టం ఉంది. అది 1986 దాకా నడిచింది.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివాను. తాత చెప్పింది మాత్రం చిన్నదే. ఆ శుక్రవారం రాత్రి క్యాంపులో గుడారం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. చుట్టూ చూసి, “ఇట్లాంటి చోట బోర్డు ఉండేదమ్మా, తెల్లవాళ్ళకి మాత్రమే అని. మేము బండి తాళం ఇచ్చేసి ఇంటికి పోయేవాళ్ళం” అన్నాడు. తర్వాత టీ అడిగాడు.

శనివారం పొద్దున టైర్లలో గాలి కొంచెం తగ్గించి ఎక్కడం మొదలుపెట్టాం. గాలి తగ్గితే టైరు రాళ్ళ మీద వెడల్పుగా పరుచుకుని బాగా పట్టుకుంటుంది. లో రేంజ్ వేస్తే చక్రాలు మెల్లగా, ఎక్కువ బలంతో తిరుగుతాయి. పైన మలుపులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. నీడ ఉన్నచోట రాత్రి మంచు ఇంకా కరగలేదు. ఒక మలుపులో మా ముందు బండి ఆగిపోయింది. నాకు చేతులు వణికాయి. తాత మాత్రం రోడ్డు చూడటం లేదు, కళ్ళు మూసుకుని ఇంజను వింటున్నాడు. “ఫస్ట్‌లో వెయ్యి. క్లచ్ మీద కాలు తీసెయ్యి. అదే ఎక్కుతుంది” అన్నాడు. ఎక్కింది.

పైన లెసోతో ఆఫీసులో పాస్‌పోర్ట్ మీద ముద్ర వేశారు. ఈ ప్రయాణం కోసమే తీయించిన పాస్‌పోర్ట్ అది. ఆ ఒక్క పేజీ మూడుసార్లు తెరిచి చూసుకున్నాడు. అక్కడినుంచి మొఖోట్లాంగ్‌కి ఇప్పుడు తారు రోడ్డు ఉంది. అది చూసి క్లబ్ వాళ్ళు కొంచెం నిరుత్సాహపడ్డారు. సరుకులు తెచ్చుకునే బసోతో వాళ్ళకి అది ఎంత మేలో మేము ఆలోచించం. మాకు రాళ్ళు కావాలి!

చెక్‌పోస్టులు సాయంత్రం ఆరింటికి మూసేస్తారు కాబట్టి ముందే దిగిపోయాం. క్యాంపులో అందరూ బ్రాయ్‌కి నిప్పు వేస్తుంటే తాత కనబడలేదు. వెతికితే మా బండి వెనక చక్రం దగ్గర టార్చి పట్టుకుని వంగి ఉన్నాడు. మడ్‌గార్డ్ లోపలినుంచి కొంచెం మన్ను గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపాడు.

“ముప్పై ఏళ్ళు కడిగాను దీన్ని” అన్నాడు.

అంతలో మాంసం మాడిపోతోందని ఎవరో గట్టిగా అరిచారు. తాత చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని లేచాడు.