పూటకూళ్ల ఇంటి నుండి పిజ్జా బల్ల దాకా

విజయవాడ వన్ టౌన్ లో, కాళేశ్వరరావు మార్కెట్టుకు కూతవేటు దూరాన, ఒక సందు మొగలో నాలుగు బల్లలు మాత్రమే పట్టే పిజ్జా దుకాణం ఒకటి ఉన్నది. ఏ పెద్ద కంపెనీకీ శాఖ కాదు. యజమానే పిండి పిసుకుతాడు, ఆయన భార్య గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. ఆ పేటలో వర్తకం చేసుకునే జైన కుటుంబాల కోసం ఉల్లి, వెల్లుల్లి తగలనిది వేరుగా చేస్తారు. ధర మా బోటి వారికి అందుబాటులోనే ఉంటుంది. మొన్న ఒక ఆదివారం మా అమ్మనూ పిల్లలనూ వెంటబెట్టుకొని వెళ్లాను. డెబ్బై ఎనిమిదేళ్ల అమ్మ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "దిబ్బరొట్టె మీద జున్ను పరిచినట్లున్నదేమిట్రా!" అన్నది. కాసేపాగి మెల్లగా మరొక మాట అన్నది: "పెళ్లయి ఈ పేటకు వచ్చి ఇన్నేళ్లయింది. ఇక్కడ హోటల్లో బల్ల ముందు కూర్చోవడం ఇదే మొదలు."

ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదలలేదు. డబ్బిచ్చి అన్నం తినే అలవాటు మనకేమీ కొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో (శ్రీనాథుడే కర్త అనే వాదం సరేసరి) ఓరుగల్లు వీధుల్లో తిరిగే మిత్రులకు ఒక రూకకే కమ్మని భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు కనిపిస్తుంది. అక్కడి నుండి ఒక్క గంతు వేస్తే గురజాడవారి కన్యాశుల్కం. 1892లో మొదట ప్రదర్శితమైన ఆ నాటకంలో, చీపురు పట్టుకొని గిరీశాన్ని వెదుక్కుంటూ వచ్చే పూటకూళ్లమ్మను మరచిన తెలుగువాడుండడు. దిక్కులేని వితంతువుకు అదొక బతుకుతెరువు. వండేది ఆమె, వడ్డించేది ఆమె, బాకీ ఎగవేస్తే నష్టపోయేదీ ఆమే. విస్తరి ముందు కూర్చున్నవాడు మాత్రం ఎప్పుడూ మగవాడే. ఈ సంగతి ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు!

బెజవాడకు ఈ కథ మరీ బాగా వర్తిస్తుంది, ఎందుకంటే ఇది బాటసారుల ఊరు. 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట పూర్తయి, కాలువల మీద పడవలు తిరిగాయి. 1889లో నిజాము రైలు వచ్చింది, 1893లో నది మీద రైలు వంతెన వచ్చింది. వ్యాజ్యాలకు వచ్చినవారు, ధాన్యం అమ్ముకొనేవారు, రైలు మారేవారు, పుష్కరాలకు వచ్చినవారు – అందరికీ ఆకలే. కాఫీ హోటళ్లు పుట్టింది ఈ ఇల్లు వదిలి వచ్చిన మగవాళ్ల కోసం.

ఆ ఆకలికీ కులం అడ్డు తగిలేది. 'బ్రాహ్మణ కాఫీ హోటల్' అన్న బోర్డులు మన తాతల కాలంలో సర్వసాధారణం. మద్రాసు రాజధానిలోని రైల్వే భోజనశాలల్లో బ్రాహ్మణులకూ ఇతరులకూ వేరువేరు చోట్లుండేవి. 1941లో గానీ అవి పోలేదు. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలతో పాటు హోటళ్లను, ఫలహారశాలలను పేరుపెట్టి మరీ చెప్పవలసి వచ్చిందంటే, ఒక కప్పు కాఫీ ఎంతటి విషయమో ఊహించుకోవచ్చు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం వాటిలో ప్రవేశాన్ని నిరాకరించడాన్ని నేరం చేసింది.

ఆడవారి ప్రవేశానికి ఏ చట్టమూ అడ్డు లేదు, అయినా వారు రాలేదు. విచిత్రమేమిటంటే సినిమాకు మాత్రం వచ్చారు. పోతిన శ్రీనివాసరావుగారు 1921లోనే బెజవాడలో మారుతీ సినిమా హాలు కట్టించారు. తరువాతి కాలపు హాళ్లలో ఆడవారికి వేరే టిక్కెట్ల వరుస, వేరే బెంచీలు ఉండేవి. చీకట్లో అపరిచితుల మధ్య మూడు గంటలు కూర్చోవచ్చు గానీ, వెలుగులో పదినిమిషాలు ఇడ్లీ తినకూడదు! 'ఫ్యామిలీ రూము' అనే చెక్క గది పుట్టింది ఈ బిడియాన్ని కాపాడడానికే. పచ్చతెర వెనక గోడవైపు తిరిగి తిని, తలవంచుకొని బయటపడేవారు. మా అమ్మకు ఆ తెర కూడా దక్కలేదు. మా నాన్నగారు ఆదివారాలు రైలుకట్ట దాటి గాంధీనగరం వెళ్లి, బాబాయ్ హోటల్ ఇడ్లీలు క్యారియరులో తెచ్చేవారు. అక్కడ ఇడ్లీ మీద వెన్న పెడతారన్నది జగద్విదితం. మా ఇల్లు చేరేసరికి ఆ వెన్న కరిగి ఇడ్లీలోకి ఇంకిపోయేది. వెన్న వెన్నగా ఎలా ఉంటుందో చూసింది నాన్నగారొక్కరే.

పిజ్జా చరిత్రా దీనికి దూరపు చుట్టమే. నేపుల్సు వీధుల్లో పేదలు నిలబడి తినే రొట్టె అది. అక్కడి పోర్తాల్బా దుకాణం 1738లో చిల్లర వర్తకులకు పిజ్జాలు చేసి ఇవ్వడానికి మొదలై, 1830 ప్రాంతంలో బల్లలూ కుర్చీలూ వేసిందంటారు. 1889లో మార్గరీటా రాణికి నచ్చినందున ఒక రకానికి ఆ పేరొచ్చిందనే కథను చరిత్రకారులు అంతగా నమ్మరు. మనకు 1996లో విదేశీ కంపెనీలు దాన్ని ఢిల్లీ, బెంగుళూరుల మీదుగా ఖరీదైన సరుకుగా తెచ్చాయి. మళ్లీ సందు మొగకు దించినది ఇలాంటి చిన్న దుకాణదారులే. పైగా ఒక్క రొట్టెను కోసి నలుగురూ పంచుకోవాలి కనుక, దీనికి తెర వేసిన గది బొత్తిగా పనికిరాదు.

ఆ రోజు మేము లేవబోతుండగా అమ్మ గల్లాపెట్టె దగ్గర ఆగింది. లోపల పెనిమిటికి కేకలు వేస్తూ, చిల్లర లెక్కపెడుతున్న ఆ ఇల్లాలిని చూసి, "నువ్వు తిన్నావుటమ్మా?" అని అడిగింది.

"ఇంకా లేదు మామ్మగారూ. కొట్టు కట్టేశాక, ఇంటికెళ్లి అన్నం వండుకోవాలి."