మెలితిరిగిన పన్ను

చిన్నప్పుడు మెలితిరిగిన నా ముందుపన్నును క్లిప్పులు వేసి సరిచేశారు. రిటైనరు పెట్టుకోవడానికి నేను బద్ధకించాను. రెండేళ్ళలో పన్ను మళ్ళీ పక్కకు తిరిగింది. తప్పు నాదే. కానీ ఎముకలో పాతుకున్న పన్నుకు పాత చోటు ఎలా గుర్తుంటుందన్న సందేహం నన్ను వదలలేదు. అదే నా చేత దంతవైద్య చరిత్రను తిరగేయించింది.

క్రీ.శ. ఒకటవ శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ ఒక ఉపాయం రాశాడు: పాలపన్ను ఊడకముందే కొత్త పన్ను వస్తే, పాలపన్ను తీసివేసి, కొత్తది సరైన చోటు చేరేదాకా రోజూ వేలితో నెట్టాలి. 1728లో ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫొషార్ తన గ్రంథంలో, లోహపు పట్టీకి పళ్ళను దారంతో కట్టి వరుసలోకి తెచ్చే విధానాన్ని వివరించాడు. 1928లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ దీర్ఘచతురస్రాకారపు గాడి ఉన్న బ్రాకెట్టును ప్రకటించాడు. ఆ గాడిలో బిగించిన తీగతో పంటి కదలికపై పట్టు చిక్కింది. తిప్పిన పన్నును నిలపడమే మిగిలింది.

1959లో నార్వే పరిశోధకుడు రైటాన్, కుక్కల పళ్ళను తిప్పి, కదలకుండా పట్టి ఉంచి పరిశీలించాడు. వేరు చుట్టూ ఎముక కొత్త స్థితికి సర్దుకుంది. చిగురులోని నారపోగులు మాత్రం 232 రోజుల తర్వాత కూడా సాగే ఉన్నాయి! పన్ను చుట్టూ ఆ పోగులను కోసే చిన్న శస్త్రచికిత్సను 1970లో ఎడ్వర్డ్స్ ప్రకటించాడు.

గట్టి ఎముక మరిచినదాన్ని మెత్తని చిగురు మరవలేదన్నమాట. పిల్లలకు క్లిప్పులు వేయించిన మిత్రులారా, తీగ తీసిన రోజుతో చికిత్స ముగిసిందనుకోకండి.