గర్భిణులు – మూర్ఛ మందులు

మందుల వల్ల గర్భస్థ శిశువుకు అంగవైకల్యం కలుగుతుందని లోకానికి ఎరుకపరచినది థాలిడోమైడ్. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా విడుదలై, వేవిళ్లకు కూడా వాడుకలోకి వచ్చిన ఈ మందు వల్ల వివిధ దేశాలలో 10,000కు పైగా శిశువులు కురచ చేతులు, కాళ్లు వంటి లోపాలతో జన్మించారని అంచనా. 1961 నవంబరులో అక్కడ దానిని ఉపసంహరించారు.

నేడు మన కుటుంబాలు తెలుసుకొనవలసినది సోడియం వాల్‌ప్రోయేట్ గురించి. దీనిని మూర్ఛకు, కొన్ని మానసిక వ్యాధులకు, పార్శ్వపు నొప్పికి ఇస్తారు. సాధారణంగా 100 మంది శిశువులలో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో లోపాలుంటాయి. తల్లి ఈ మందు వాడినపుడు ఆ సంఖ్య 10 లేక 11. వెన్నెముక మూసుకొనకపోవడం, గుండె లోపాలు, గ్రహణం మొర్రి వీటిలో ముఖ్యమైనవి. (గ్రహణంనాడు గర్భిణిని గడప దాటనివ్వని పెద్దలు ఆమె మింగే బిళ్ల పేరు అడగరు!) పైకి లోపం కనబడకున్నా 100కు 30 నుండి 40 మంది పిల్లలలో మాట, నడక, చదువు వెనుకబడవచ్చును.

శిశువు వెన్నెముక భాగం గర్భం నిలిచిన 28 రోజులలోపే మూసుకొంటుంది. నెల తప్పిందని తెలిసేసరికి ఆ గడువు దాదాపు తీరిపోతుంది. కనుక పెండ్లి నిశ్చయమైనపుడే నరాల వైద్యుని సంప్రదించాలి. లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ మందులతో ఈ ముప్పు చాలా తక్కువ. అయితే అవి అందరికీ సరిపడవు, మార్పుకు వారాలు, నెలలు పడుతుంది. ఫోలిక్ ఆమ్లం బిళ్లలు ముందునుండే వాడటం అవసరమే గాని, అవి వాల్‌ప్రోయేట్ ముప్పును తొలగించవు.

మూర్ఛ సంగతి దాచి పెండ్లి చేస్తే, కోడలు చాటుగా పాత బిళ్లలే మింగుతుంది. హిందూ వివాహ చట్టంలో వివాహానికి అడ్డంకిగా ఉన్న మూర్ఛను 1999లోనే తొలగించారు.

భయపడి మందు హఠాత్తుగా మానరాదు. ఎడతెగని ఫిట్స్ వచ్చి తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం కలుగవచ్చును.

హోసూరులో కాపురముండి కాన్పుకు కుప్పంలోని పుట్టింటికి వచ్చే ఆడపడుచుకు అక్కడి వైద్యుడు రాసిన బ్రాండు ఇక్కడ దొరకకపోవచ్చును. బ్రాండు పేరు మారినా మందు అదే కావచ్చును. అట్ట మీద వాల్‌ప్రోయేట్, డైవాల్‌ప్రోయెక్స్ అనే పేర్లున్నాయేమో చూపించుకొని, ఖాళీ అట్టను, వైద్యుని చీటీని తల్లీబిడ్డల కార్డుతో పాటు వెంట ఉంచుకొనాలి. ఇప్పటికే ఈ మందుపై ఉన్న గర్భిణులు వెంటనే వైద్యునికి తెలిపి, 18–20 వారాల మధ్య వివరమైన స్కానింగు చేయించుకొనవలెను.