జీతపు బిల్లు - అద్దె రసీదు

జనవరి మాసము వచ్చినదనగా పేట్ బషీరాబాద్, జీడిమెట్ల ప్రాంతపు కర్మాగారములలో జీతములు లెక్కగట్టు గదికి రద్దీ హెచ్చును. ఆ యేడు తాము చెల్లించిన యింటి అద్దె, బీమా కిస్తులు, గృహఋణముపై వడ్డీ, సెలవు ప్రయాణపు ఖర్చులు - వీనికి ఉద్యోగులు ఆధారములు చూపవలసిన కాలమది. మార్చి జీతము లోపల పన్ను లెక్క తేలవలెను. స్టేషనరీ దుకాణమున రసీదు పుస్తకము కొని, రూపాయి స్టాంపులంటించి, 12 నెలల రసీదులను ఒక్క కూర్పున ఒకే కలముతో వ్రాసి, యింటి యజమాని సంతకము తామే చేసి తెచ్చువారును ఆ వరుసలో నుందురు. అట్టి రసీదు చేతికి వచ్చిన గుమాస్తా యేమి చేయవలెను? తోటి ఉద్యోగిని దొంగ యనవలెనా? కన్నులు మూసికొనవలెనా? ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు.

ఇంగ్లండులో 1799లో విలియం పిట్ విధించిన ఆదాయపు పన్ను ఎవరి ఆదాయమును వారే చెప్పుకొను పద్ధతిపై నడచెను. చెప్పుకొనుటలో జనులు మిక్కిలి వినయము చూపిరి! 1803లో ఆడింగ్టన్ పన్ను రేటును సగమునకు తగ్గించి, సొమ్ము పుట్టుచోటనే, అనగా ఇచ్చువాని చేతిలోనే, పన్ను పట్టుకొను ఏర్పాటు చేసెను. రేటు సగమైనను ఖజానాకు ఇంచుమించు పూర్వమంత సొమ్మే చేరినది. మూలమున పన్ను కోయుట యను ఆలోచనకు బలము అక్కడ కలిగినది.

మన దేశమున 1860లో జేమ్స్ విల్సన్ తొలి ఆదాయపు పన్నును ప్రవేశపెట్టెను. 1886 చట్టము సర్కారు ఉద్యోగుల పన్నును జీతము నుండియే పట్టుకొనెను. 1922 చట్టము 18వ సెక్షను జీతమిచ్చు ప్రతివానిపైనను ఆ విధిని మోపెను. అయితే ఆ చట్టము నాడు మేడ్చల్ పొలిమేరకు రాలేదు. మేడ్చల్ తాలూకా నిజాం స్వంత ఆదాయమునకై ప్రత్యేకింపబడిన సర్ఫెఖాస్ భూములలో, అత్రాఫె బల్దా జిల్లాలో చేరియుండెను. హైదరాబాదు సంస్థానమునకు ఆదాయపు పన్ను చట్టము 1357 ఫసలీలో, అనగా 1947-48 నాటికి గాని యేర్పడలేదు. 1950 ఏప్రిల్ 1 నుండి భారత చట్టమే ఇక్కడను అమలునకు వచ్చెను. పిమ్మట జీడిమెట్ల పారిశ్రామికవాడ వెలసినది. 1999 తరువాత షామీర్‌పేట వైపు జినోమ్ వ్యాలీ పెరిగినది. నెలజీతపు కుటుంబములు వేలకు వేలుగా ఈ దారిలో స్థిరపడినవి. నెలజీతముతో పాటు అద్దె రసీదును వచ్చెను.

1961 చట్టము 192వ సెక్షను యజమానిని ఉద్యోగి ఆదాయమును 'అంచనా' వేసి పన్ను కోయుమన్నది. ఈ అంచనా యను మాటలోనే చిక్కంతయు నున్నది. ఉద్యోగి యిచ్చిన కాగితమును నమ్మి అంచనా వేసిన చాలునా, దాని నిజానిజములు శోధింపవలెనా? 2009లో లార్సెన్ అండ్ టూబ్రో వ్యాజ్యమున సుప్రీంకోర్టు యీ ప్రశ్నను విచారించెను. ప్రయాణపు భత్యమును ఉద్యోగులు నిజముగా ప్రయాణమునకే ఖర్చు చేసిరా యను ఆధారములు సేకరించు బాధ్యతను చట్టము యజమానిపై పెట్టలేదని తీర్పు చెప్పెను. జీతపు గుమాస్తాలు నిట్టూర్చి యుందురు. కాని ఆ ఊరట యెంతో కాలము నిలువలేదు. 2015లో 192వ సెక్షనుకు ఒక ఉపవిభాగము చేర్చి, యజమాని ఆధారములు తీసికొనియే తీరవలెనని శాసించిరి. మరుసటి యేడు జూన్ 1 నుండి అందులకు 12బిబి ఫారము వచ్చినది. అంతకు ముందే, 2013 అక్టోబరులో, ఏడాదికి లక్ష రూపాయలు మించిన అద్దెకు యింటి యజమాని పాన్ సంఖ్య చూపవలెనను ఉత్తర్వు వెలువడినది.

యజమాని కన్ను మూసికొనిన నేమగునో 2022 నవంబరులో స్టేట్ బ్యాంకు వ్యాజ్యమున తేలినది. స్వదేశ ప్రయాణమునకు మాత్రమే వర్తించు రాయితీని పుచ్చుకొని, మదురై పోవుచు కొలంబో, కౌలాలంపూర్, సింగపూరులు చుట్టి వచ్చిన ఉద్యోగులు కలరు. బ్యాంకు వారి సొమ్మునకు పన్ను కోయలేదు. టిక్కెట్లు, దారి వివరములు బ్యాంకు చేతిలోనే యున్నవి గనుక తెలియదనుటకు వీలు లేదని సుప్రీంకోర్టు చెప్పి, కోయని పన్నుకు బ్యాంకునే బాధ్యురాలిని చేసినది. 2009 తీర్పును ఈ తీర్పును పక్కపక్కన నుంచి చూచిన, చేతికి వచ్చిన కాగితము చదువని యజమానిని చట్టము మన్నింపదని తెలియుచున్నది.

అమెరికాలో కథ మఱియొక విధముగా నడచినది. అక్కడ 1943 నుండి జీతములలో పన్ను కోయుచున్నారు. పన్నునే వ్యతిరేకించు కొందఱు తమ ఫారములో లేని మినహాయింపులను పదులకొలది వ్రాసి కోతను సున్నకు దింపుకొనిరి. ఒక విమాన చోదకుడు 60 వఱకు వ్రాసెను! 10కి మించిన మినహాయింపులు గల ఫారములను యజమానులు పన్నుశాఖకు పంపవలెనను నియమము 2005 వఱకు నడచెను. నేటికిని, ఉద్యోగి ఫారము తప్పని తోచినచో, ఇంత కోయుమని శాఖయే యజమానికి ఉత్తరము వ్రాయును. ఆ పిమ్మట ఉద్యోగి వ్రాతకు విలువ లేదు. జీతపు గుమాస్తాకు ఆ ఉత్తరము గొడుగు వంటిది. మన గుమాస్తాకు అట్టి గొడుగు లేదు.

అయినను అతనికొక సులువైన దారి కలదు. పలువురు దానిని మఱచుచున్నారు. అతడు న్యాయాధిపతి కాడు. రసీదు దొంగదని నిరూపింపనక్కరలేదు. అద్దె ఒప్పందము, బ్యాంకు ద్వారా సొమ్ము చెల్లించిన జాడ, యజమాని పాన్ సంఖ్య అందఱిని ఒక్క తీరున అడుగవలెను. రానిచో ఆ పద్దు విడిచి పన్ను కోయవలెను. ఇందువలన ఉద్యోగి హక్కు పోదు. నిజముగా అద్దె కట్టినవాడు తన వార్షిక రిటర్నులో ఆ మినహాయింపును స్వయముగా కోరి, అధికముగా కోసిన సొమ్మును తిరిగి పొందవచ్చును. 'మీరు అబద్ధమాడుచున్నారు' అనుటకును, 'ఈ కాగితముతో నేను లెక్క వేయలేను, మీ రిటర్నులో కోరుకొనుడు' అనుటకును ఎంత భేదము! రెండవ మాటతో స్నేహము చెడదు.

ఇట నిజాయితీపరుల కష్టమును చెప్పక తప్పదు. అద్దె నగదుగానే ఇమ్మని, పాన్ సంఖ్య అడిగిన యిల్లు ఖాళీ చేయుమను యజమానులు కలరు. అట్టి యింట కాపురమున్నవాడు సత్యము పలికియు నష్టపడును. యజమానికి పాన్ సంఖ్య లేనిచో అతని పేరు, చిరునామాలతో ఒక ప్రకటన పుచ్చుకొనవచ్చునని 2013 ఉత్తర్వు చెప్పినది. ఉండియు దాచువానికి అది మందు కాదు. తల్లిదండ్రుల యింట నుండి వారికి అద్దె ఇచ్చుటయు దోషము కాదు. సొమ్ము నిజముగా చేతులు మారవలెను. వారు దానిని తమ ఆదాయమున చూపవలెను.

కంపెనీ గడప దాటిన పిదప బూటకము రిటర్నులలోనికి ప్రాకినది. తిరిగి వచ్చు సొమ్ములో వాటా పుచ్చుకొని లేని విరాళములను, లేని వైద్యపు ఖర్చులను వ్రాసిపెట్టు దళారులు వెలసిరి. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమున 150 చోట్ల సోదాలు ప్రారంభించినది. అప్పటికి గడచిన నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమ రిటర్నులను సవరించి, 1,045 కోట్ల రూపాయల తప్పుడు మినహాయింపులను తామే వెనుకకు తీసికొనిరని శాఖ ప్రకటించినది. నోటీసు వచ్చునది దళారికి కాదు, సంతకము చేసినవానికి. లక్షా 20 వేల రూపాయల దొంగ అద్దె చూపి 20 వంతుల రేటున 24,000 మిగుల్చుకొనిన వానిపై, 1961 చట్టము క్రింద తప్పుడు లెక్కకు విధించు 200 వంతుల జరిమానాయే 48,000. పన్నును, వడ్డీయును దానికి అదనము.

2020లో ప్రభుత్వము మినహాయింపులు చాలవఱకు లేని, రేట్లు తగ్గిన కొత్త విధానమును తెచ్చినది. 2023-24 నుండి ఉద్యోగి వేఱుగా కోరనిచో అదియే వర్తించును. ఆ విధానమున అద్దె రసీదుతో పని లేదు. పాత విధానమున నిలిచినవారికి మాత్రము గుమాస్తా బల్లముందు వరుస యింకను కలదు.