మట్టిలో మందు – ఎల్లాప్రగడవారు వెదకిన దారి

తొలకరి జల్లు పడగానే గోదావరి మండలాల పొలాలనుండి లేచే మట్టి వాసన మన రైతుకు ఎంతో ప్రియమైనది. ఆ వాసనను పుట్టించేవానిలో ముఖ్యమైనది స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా జాతి. మానవునికి అనేక దివ్యౌషధాలను ప్రసాదించినది కూడ ఈ జాతియే. ఆ చరిత్రలో ఒక ప్రధానాధ్యాయం మన డెల్టా బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావుగారిది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమహేంద్రవరంలోను, మద్రాసులోను చదివారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి కొద్ది రోజుల వ్యవధిలోనే బలి అయినారు. మందులేని రోగం ఇంటిని ఎట్లా కూల్చివేస్తుందో ఆయన కళ్ళారా చూచినారు. వైద్యవిద్య ముగించి అమెరికా చేరి, హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించారు. స్ప్రూ రోగులకు మేలు చేసే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే కృత్రిమంగా తయారు చేసినది. మన ప్రాంతాన్ని చిరకాలం పీడించిన బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడ ఆ శాలనుండి వచ్చినదే.

ఆయన పరిశోధన శాఖకు నాయకులుగా ఉన్న కాలంలోనే ఆ శాలలో మరొక అన్వేషణ సాగినది. నానా ప్రదేశాల మట్టిని తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా పరీక్షించడమే ఆ పని. విశ్రాంత వృక్షశాస్త్రాచార్యులు బెంజమిన్ డుగ్గర్ దానిని నిర్వహించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయంవారి ప్రయోగ క్షేత్రంలో, ఎరువు వేయక ఏళ్ళ తరబడి గడ్డి పెంచిన ఒక మడి మట్టిలో, 1945లో ఆయనకు బంగారు వన్నెగల బాక్టీరియా దొరికినది. దానినుండి వచ్చిన మందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ వర్గానికి ఇదే ఆద్యం. 1948 జూలైలో దీనిని లోకానికి ప్రకటించారు. మరుసటి నెలలోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

బలం ఉడిగిన మట్టిలో ఇంత మందు ఎట్లా పుట్టినదని శ్రోతలకు సందేహం కలుగవచ్చును. ఆహారం తరుగుతున్న వేళనే ఈ జీవులు తరచుగా ఇట్టి పదార్థాలను తయారు చేస్తాయి. ఇరుగుపొరుగు బాక్టీరియాలను అడ్డుకొనడానికి అవి ఆయుధాలు. ఆ ఆయుధాన్నే మనం అరువు తెచ్చుకొని మందు అంటున్నాము.

అయితే శత్రువు కూడ ఊరకుండలేదు. ఆరియోమైసిన్ వంటి మందులకు లొంగని రోగక్రిములు నేడు ప్రపంచమంతటా వ్యాపించినవి. మామూలు మట్టిని ఎంత వెదకినా పాత పదార్థాలే మరల మరల కనిపిస్తున్నవి. అందువలన శాస్త్రజ్ఞులు జీవనం మిక్కిలి కఠినమైన చోట్లకు, అనగా ఉప్పు మడుగులకు, వేడి నీటి ఊటలకు, సముద్ర గర్భానికి, దృష్టి మరల్చినారు. అమెరికా శాస్త్రజ్ఞులు విలియం ఫెనికల్, పాల్ జెన్సెన్ బహామా దీవుల సముద్రపు అడుగు బురదలో, సముద్రపు ఉప్పునీరు లేనిదే పెరుగని సాలినిస్పోరా అనే బాక్టీరియాను కనుగొన్నారు. దానినుండి తీసిన సాలినోస్పోరమైడ్-ఎ అనే పదార్థాన్ని గురించి 2003లో ప్రకటించారు. క్యాన్సర్ కణాల పెరుగుదలను అడ్డగించే ఆ పదార్థం రోగులపై పరీక్షల దాకా వెళ్ళినది. ప్రయోగశాలలో కనిపించిన గుణమంతా రోగికి అందుతుందని చెప్పలేము. కాని అన్వేషణకు కొత్త తావు దొరికినది.

అట్టి తావు మన గోదావరి ముఖద్వారంలోనూ ఉన్నది. కాకినాడ చెంత కోరింగ మడ అడవులలో ఆటుపోటులు రోజూ వచ్చిపోతుంటాయి. ఉప్పు ఒక పూట హెచ్చు, ఒక పూట తగ్గు. అడుగు బురదకు గాలి సోకదు. అక్కడ బ్రతుకదలచిన సూక్ష్మజీవి ఉపాయశాలి కాక తప్పదు. 1978లో ఈ అడవులలో కొంత భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. డెల్టాలో మరికొన్ని చోట్ల మడ చెట్లు పోయి రొయ్యల చెరువులు వెలసినవి.

రొయ్యకు ధర ఇంతని కట్టగలము. బురదలోని పేరులేని జీవికి ఏ ధర కట్టగలము? ఎరువు చూడని గడ్డి మడికి 1945కు ముందు ఎవరును వెల కట్టి ఉండరు. పరీక్షించకముందే పోగొట్టుకొన్న మట్టిలో ఏ ఔషధం ఉన్నదో తెలుసుకొనడానికి ఏ ప్రయోగశాలా లేదు. మడ అడవిని కాపాడుకొనడం చేపలకోసం, తుఫాను రక్షణకోసం మాత్రమే కాదు. రేపటి రోగికోసం కూడ.